మంచు మొహం ఎరగని పక్

నేను పక్‌ని. హాకీ అనగానే మీకు పచ్చిక మైదానం, ధ్యాన్‌చంద్ కర్రను అంటిపెట్టుకుని నడిచిన బంతి గుర్తొస్తాయి. నా ఆట మంచు మీద. అక్కడ బంతి ఉండదు, నేనుంటాను. 3 అంగుళాల అడ్డం, అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల లోపు బరువున్న నల్ల రబ్బరు బిళ్లను.

పుట్టింది స్లొవాకియాలో. రబ్బరులో నల్లపొడి కలిపి, వేడి అచ్చులో నొక్కి తీశారు. దాని గురించి ఇంతకంటే చెప్పుకోవాల్సింది లేదు. చెప్పాల్సింది ఆ తర్వాత జరిగిన వేర్పాటు గురించి. మాలో కొందరు ఆటకు పోతారు, కొందరు అమ్మకానికి పోతారు. ఆటకు పోయేవాళ్లను మ్యాచ్‌కు ముందు బాగా చల్లబరుస్తారు. చలికి బిగుసుకుంటేనే ఎగిరెగిరి పడకుండా మంచు మీద నున్నగా జారతారు. నా నెత్తిన మాత్రం మాంట్రియల్ కెనేడియన్స్ జట్టు గుర్తు ఎర్రగా, నీలంగా అచ్చు వేసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి సముద్రం దాటించారు. ఆ రంగే నాకు తలరాత అయింది. గుర్తు కోసం కొనుక్కున్న పక్‌ను ఎవరూ కర్రతో కొట్టరు. దాచుకుంటారు.

మా యజమాని నన్ను కొన్నది 2022 జులై 7న, మాంట్రియల్‌లోని బెల్ సెంటర్‌లో. ఆ రాత్రి అక్కడ ఆట లేదు, ఎంపిక జరిగింది. ఉత్తర అమెరికా పెద్ద లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లోని జట్లు ఏటా వేసవిలో వంతులవారీగా పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లను ఎంచుకుంటాయి. అంతకుముందు సీజన్లో అందరికంటే అడుగున నిలిచిన మాంట్రియల్‌కు మొదటి వంతు దక్కింది. సొంత ఊళ్లో, సొంత జనం ముందు మొదటి ఎంపిక! చాలామంది షేన్ రైట్ పేరే వినబడుతుందనుకున్నారు. పదిహేనేళ్లకే ప్రత్యేక అనుమతితో ఒంటారియో జూనియర్ లీగులోకి వచ్చిన కెనడా కుర్రాడు. పిలిచింది మాత్రం యురాయ్ స్లఫ్‌కోవ్‌స్కీని. కోషిత్సెలో పుట్టినవాడు, నా దేశంవాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో బీజింగ్ ఒలింపిక్స్‌లో పదిహేడేళ్ల వయసులో 7 గోల్స్ కొట్టి స్లొవాకియాకు హాకీలో తొలి ఒలింపిక్ పతకం తెచ్చి, ఆ పోటీలకే ఉత్తమ ఆటగాడైనవాడు. రైట్ నాలుగో వంతు దాకా ఆగి, సియాటిల్ జట్టుకు వెళ్లాడు. సంచిలో ఉన్నా స్లఫ్‌కోవ్‌స్కీ పేరు విని పొంగిపోయాను. ఇద్దరం ఒకే దేశం నుంచి ఒకే జెండా గుర్తు కిందికి వచ్చాం అనుకున్నాను.

మా యజమానికి లవాల్‌లో ఒక సెలూన్ ఉంది. లవాల్ అంటే మాంట్రియల్‌కు ఉత్తరాన, నది అవతలి ఊరు. కుర్రాడి సంతకం నా మీద పెట్టించాలని ఆయన కోరిక. అది తీరేదాకా దువ్వెనల డబ్బా పక్కన, అద్దం ముందున్న చెక్క మీద నన్ను నిలబెట్టాడు. సంతకం దొరకలేదు. నేను అక్కడే ఉండిపోయాను. ఊరి మగవాళ్ల మెడ మీంచి రాలిన వెంట్రుకలు నా మీద పడేవి, ఆయన బ్రష్‌తో దులిపేవాడు. అక్టోబరు వచ్చింది, ఆటలు మొదలయ్యాయి, వాటితోపాటు ఆ గదిలో వాదనా మొదలైంది.

కుర్రాడు మ్యాచ్‌కు పన్నెండు నిమిషాలకు అటూ ఇటూ ఆడుతున్నాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. అయినా అతను అంతవరకూ ఆడిన యూరప్ మైదానాలు ఇంకాస్త వెడల్పు. ఇక్కడ మలుపు తిరిగే చోటు తక్కువ, ఆలోచించే వ్యవధీ తక్కువే. తల దించి పక్‌ను చూసుకుంటూ వెళ్లి, ఎదురొచ్చినవాడి భుజానికి గుద్దుకుని పడిపోయేవాడు.

"లవాల్‌కి పంపాలి వాణ్ణి," అనేవాడు మా యజమాని, కత్తెర గాల్లో ఆపి. మాంట్రియల్ జట్టుకు కింది జట్టు లవాల్ రాకెట్. అమెరికన్ హాకీ లీగులో ఆడుతుంది. 2017 నుంచి ఈ ఊళ్లోనే, పదివేల మంది పట్టే ప్లాస్ బెల్‌లో. "ఇక్కడైతే రోజూ ఇరవై నిమిషాలు ఆడతాడు. తప్పులు చేస్తాడు, దిద్దుకుంటాడు. పైన కూర్చుని ఏం నేర్చుకుంటాడు?"

వారం వారం వచ్చే బస్సు డ్రైవరు ఒప్పుకునేవాడు కాదు. "ఇక్కడ వాణ్ణి ఎవరు దిద్దుతారు? పైన మార్టిన్ సెయింట్ లూయీ ఉన్నాడు. ఆయన్ని ఏ జట్టూ ఎంచుకోలేదు, అయినా లీగులో అత్యధిక పాయింట్ల ఆటగాడయ్యాడు. అలాంటి కోచ్ దగ్గర రోజూ సాధన చేయడం కంటే పెద్ద బడి ఏముంది?"

మా యజమానికి ఒక పాత గాయం ఉండేది. 2018లో ఇదే జట్టు మూడో వంతులో యెస్పెరి కొట్కానియెమి అనే ఫిన్లాండ్ కుర్రాణ్ణి తీసుకుని, పద్దెనిమిదేళ్లకే పైన ఆడించింది. మొదటి ఏడు బాగానే ఆడాడు. రెండో ఏడు తడబడి లవాల్‌కు దిగాడు. 2021లో కరోలినా జట్టు ఎక్కువ జీతం చూపించి పట్టుకుపోయింది. "తొందరపెట్టి పాడుచేశారు," అని ఆయన చెప్పినప్పుడల్లా గొంతులో బాధ ఉండేది. ఆ బాధ నిజమైనదే. అందుకే ఆయన మొండితనాన్ని నేను తప్పుపట్టను.

నా బాధ వేరు. ఆ అక్టోబరు 20న, అరిజోనా మీద, కుర్రాడు ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి గోల్ కొట్టాడు. అలాంటప్పుడు గోల్‌లోంచి ఆ పక్‌ను తీసి, చుట్టూ తెల్ల టేపు చుట్టి, దాని మీద తేదీ రాసి కుర్రాడికిస్తారు. అది అతని ఇంట్లో తరతరాలుంటుంది. టీవీలో ఆ సంబరం చూస్తూ నేను దువ్వెనల పక్కన నిలబడ్డాను. ఆ పక్‌కూ నాకూ రబ్బరులో తేడా లేదు. దాన్ని ఆడనిచ్చారు, నన్ను ఆడనివ్వలేదు. అందుకే "పైన కూర్చుని ఏం నేర్చుకుంటాడు" అన్న మాట విన్నప్పుడల్లా, యజమాని పక్షాన గట్టిగా అరవాలనిపించేది. కూర్చోవడం ఏం చేస్తుందో నాకు తెలుసు కదా.

డిసెంబరు 6న సియాటిల్‌లో రైట్ తన మొదటి ఎన్‌హెచ్‌ఎల్ గోల్ కొట్టాడు. అదీ మాంట్రియల్ మీద! మర్నాడు సెలూన్‌లో ఎవరూ జుట్టు గురించి మాట్లాడలేదు. "తప్పు కుర్రాణ్ణి తెచ్చుకున్నాం" అన్న మాట ఆరోజే మొదటిసారి విన్నాను. జనవరి 15న న్యూయార్క్ రేంజర్స్‌తో ఆటలో మావాడి మోకాలికి దెబ్బ తగిలింది, సీజన్ అక్కడితో ముగిసింది. 39 ఆటలు, 4 గోల్స్. "ఫ్లాప్" అన్నాడు ఒకాయన, గడ్డానికి నురగ పూయించుకుంటూ. ఇంకా పందొమ్మిదేళ్లు నిండని పిల్లవాడి గురించి, కాలికి కట్టు కట్టుకుని ఉన్నవాడి గురించి! నేను నోరులేనిదాన్ని. ఉంటే ఆ రోజు ఊరుకునేదాన్ని కాదు. తోడుపెట్టిన పాలను గంటకోసారి కదిపి చూసి, పెరుగు కాలేదని గిన్నెను తిడితే ఎలా?

రెండో సీజన్‌లోనూ డిసెంబరు దాకా గోల్స్ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వాదన ముదిరింది. డ్రైవరు రావడం తగ్గించాడు.

ఆ చలికాలంలోనే యజమాని కూతురు నన్ను జేబులో వేసుకుపోయింది. పద్నాలుగేళ్ల పిల్ల, ఆడపిల్లల జట్టులో ఆడుతుంది. తన పక్ ఎక్కడో పోయింది, పార్కులో నీళ్లు పోసి గడ్డకట్టించిన మంచు మీద స్నేహితులు ఎదురుచూస్తున్నారు. ఎలా చెప్పను ఆ సాయంత్రాన్ని! మొదట చలి ఒళ్లంతా పాకి, నాలో మెత్తదనమంతా పోయింది. కర్ర తగిలింది. కొట్టిన కర్రకూ, అందుకున్న కర్రకూ మధ్య నేను నేనయ్యాను. చెక్క గోడకు కొట్టుకుని నల్ల మచ్చ వేశాను. ఆ పిల్ల ఒకే మలుపును మళ్లీ మళ్లీ చేసేది. తల ఎత్తి, నన్ను చూడకుండా, కర్ర చివర నా బరువును బట్టే నేనెక్కడున్నానో పోల్చుకోవాలని. చాలాసార్లు నేను జారిపోయేదాన్ని. కొన్నాళ్లకు జారడం మానేశాను. ఆమెకు చప్పట్లు కొట్టినవాళ్లు లేరు, నిమిషాలు లెక్కపెట్టినవాళ్లూ లేరు. పైనా కిందా అని సెలూన్‌లో వాదించుకునే జట్లకు అవతల, అసలు పని జరిగే చోటు ఇలా ఉంటుందని అప్పుడు తెలిసింది.

నా నెత్తి మీది ఎరుపు సగం గీసుకుపోయింది. ఒకరోజు గురి తప్పి మంచు గుట్టలో పడ్డాను. మార్చిలో మంచు కరిగి, బురదలో బయటపడ్డాను. ఆ పిల్ల సంతోషంగా తీసుకెళ్లి తండ్రికి చూపించింది. ఆయన నన్ను తిప్పి తిప్పి చూశాడు. "పాడుచేశావు దీన్ని," అన్నాడు. కడగలేదు. చెక్క మీద పెట్టలేదు. తల కడిగే తొట్టి కింద ఒక అట్టపెట్టె ఉండేది. పనిచేయని మెషిన్లు, తెగిన వైర్లు, మూత లేని డబ్బాలు వేసేది. అందులో పడేశాడు. ఆయనకు నేను కావలసింది గుర్తు కోసం. గుర్తు పోయింది, నేనూ పోయాను. నా జీవితంలో నేను పక్‌గా బతికిన ఒక్క చలికాలం ఆయన కంటికి పాడైపోవడంగా కనబడింది. ఆ పెట్టెలో తడి వాసన, పైనుంచి నీళ్లు కారే చప్పుడు. తల తుడిచిన గుడ్డ జారిపడి నా మీద రోజుల తరబడి ఉండిపోయేది. ఎవరూ తీయలేదు.

పైన మాటలు మాత్రం వినబడేవి. డిసెంబరులో సెయింట్ లూయీ మావాణ్ణి నిక్ సుజుకి, కోల్ కోఫీల్డ్‌ల పక్కన పెట్టాడని, అక్కడి నుంచి ఆట మారిపోయిందని, 2024 ఏప్రిల్ 9న ఫిలడెల్ఫియా మీద ఒకే ఆటలో మూడు గోల్స్ కొడితే జనం టోపీలు మంచు మీదికి విసిరారని. సీజన్ చివరికి 82 ఆటలు, 20 గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లూ కలిపి 50 పాయింట్లు. జులై 1న ఎనిమిదేళ్ల ఒప్పందం, ఏడాదికి 76 లక్షల డాలర్లు. డ్రైవరు మళ్లీ రావడం మొదలుపెట్టాడు. "చెప్పానా, లవాల్ అక్కర్లేదని!"

నిజమే, మావాడు లవాల్‌లో ఒక్క ఆటా ఆడలేదు. అయితే రైట్ సంగతి చూడండి. కెనడా జూనియర్ లీగు కుర్రాళ్లను పూర్తి సీజన్‌కు అమెరికన్ లీగుకు పంపడానికి ఆ వయసులో ఎన్‌హెచ్‌ఎల్‌తో ఉన్న ఒప్పందం అప్పట్లో ఒప్పుకునేది కాదు. అందుకని మొదటి ఏడు అతను పైన కొన్ని ఆటలు, కింద కొన్ని, మళ్లీ జూనియర్ లీగు అంటూ తిరిగాడు. రెండో ఏడు దాదాపుగా కాలిఫోర్నియా ఎడారిలోని కోచెల్లా వ్యాలీ జట్టుతో గడిపి, 59 ఆటల్లో 22 గోల్స్ కొట్టాడు. 2024-25లో సియాటిల్‌కు 79 ఆటల్లో 19 గోల్స్, 44 పాయింట్లు. అదే సీజన్‌లో మావాడు 79 ఆటల్లో 18 గోల్స్, 51 పాయింట్లు. ఒకడు పైనే ఉండి ఎదిగాడు, ఒకడు దిగి వచ్చి ఎదిగాడు. ఒకే కుర్రాణ్ణి రెండు దారుల్లో పెంచి చూసే వీలు ఎవరికీ లేదు. అందుకే ఆ సెలూన్‌లో గెలిచానని ఎవరన్నా నేను నమ్మను.

నా అసలు కోపం ఇంకొకటి. అంతకాలం "లవాల్‌కి పంపండి" అన్న మా యజమాని, సొంత ఊళ్లోని ప్లాస్ బెల్‌కు ఒక్కసారీ వెళ్లలేదు. లవాల్ ఆయనకు శిక్ష వేసే చోటు, లేదంటే మరమ్మతుకు పంపే చోటు. ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది అమెరికన్ లీగులో ఆడి వచ్చినవాళ్లే. అక్కడ ఆడి పైకి రాలేకపోయినవాళ్లూ ఉన్నారు, వాళ్ల పేర్లు సెలూన్‌లో ఎవరి నోటా రావు. అట్టపెట్టెలో ఉన్నదాన్ని కాబట్టేనేమో, వాళ్ల మీదికే నా మనసు పోతుంది.

ఆ తర్వాత వాదన డేవిడ్ రైన్‌బాకర్ మీదికి మళ్లింది. 2023లో ఐదో వంతులో తీసుకున్న ఆస్ట్రియా కుర్రాడు, డిఫెన్స్‌మన్. 2024 సెప్టెంబరులో సీజన్ మొదలుకాక ముందే మోకాలు దెబ్బతిని శస్త్రచికిత్స అయింది. రష్యా కుర్రాడు మిచ్‌కోవ్‌ను వదిలేసి ఇతన్నెందుకు తెచ్చారని కొందరు, వయసెంతని కొందరు. ఫిబ్రవరిలో అతను లవాల్‌కు తిరిగొచ్చి ఆడుతున్నప్పుడు కూతురు రెండు టికెట్లు కొని తండ్రి చేతిలో పెట్టింది. "నాన్నా, ఒక్కసారి చూసి మాట్లాడు."

ఆట చూసొచ్చిన మర్నాడు ఆయన తొట్టి పక్కన నిలబడి డ్రైవరుకు చెబుతుంటే విన్నాను. కుర్రాడు వెనక్కి జారుతూ ఎదుటివాణ్ణి గోడవైపు ఎలా నెట్టుకుపోయాడో, పక్ అందగానే తల ఎత్తి మొదటి పాస్ ఎంత తొందరగా ఇచ్చాడో, ఒకసారి మోకాలి మీద బరువు వేయడానికి ఎలా జంకాడో, తర్వాతి వంతులో అదే మలుపు మళ్లీ ఎలా ప్రయత్నించాడో. చాలాసేపు చెప్పాడు. పక్కనే కుర్చీలో ఉన్నాయన సగం గొరిగిన తలతో వింటూ కూర్చున్నాడు.

"అయితే పైకి ఎప్పుడు తీసుకోవాలంటావు?" అడిగాడు డ్రైవరు.

"శుక్రవారం ఇంకో ఆట ఉంది. నువ్వూ రా," అన్నాడు మా యజమాని.