ఒక వేసవి సందేశానికి టీకా తాత్పర్యం

మూలం: రేపు అయిదింటికి బోర్డర్ దగ్గర. నీళ్లు ముఖ్యం. పదికల్లా ఇంటికి. ఏమీ కనబడకపోతే నన్ననొద్దు.

అవతారిక: పాల్వంచ అడవి అంచున సీతాకోకచిలుకల్నీ తూనీగల్నీ పిట్టల్నీ చూపిస్తానని మాటిచ్చిన ఒక రిటైర్డు సైన్సు మాస్టారు మే నెలలో, శనివారం రాత్రి, వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశమిది. ఒక్క వాక్యంలో తప్ప క్రియ లేదు. అందుచేత వ్యాఖ్యానం అవసరమైంది.

ప్రతిపదార్థం: రేపు = ఆదివారమునాడు; అయిదింటికి = తెల్లవారుజామున అయిదు గంటలకు, ఆచరణలో ఆరుంబావుకు; బోర్డర్ దగ్గర = సరిహద్దు చెంత; నీళ్లు = ఉదకము; పదికల్లా = ఎండ మాడు పగలగొట్టక మునుపే; ఇంటికి = ఎవరింటికి వారు (పోవలెనని శేషము); నన్ను = మాస్టారిని; అనొద్దు = నిందింపరాదు.

తాత్పర్యం: పెందలాడే వచ్చి, కనబడినంత చూసి, నోరు మెదపక పోవలెనని భావము.

విశేషాలు: ఏ బోర్డరని శంక. ఈ దాపునే ఉన్న భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, ఆ పైన ఖమ్మం. 2014లో చుట్టూ ఉన్న కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. మిగిలిన ఊరు 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పడింది. ఊరు దాటి ఎటపాకలో కాలు పెడితే రాష్ట్రమే మారుతుంది. ఇన్ని హద్దుల్లో వక్త తలచినది ఏది? ఫారెస్టు చెక్‌పోస్టు పక్కన టీకొట్టు. పాత సందేశాలు తిరగేసి చేసిన నిర్ణయమిది.

అయిదింటికి వస్తే అడవిలో మనమే మొదటివాళ్లమా? కాదు. ఏప్రిల్, మే తునికాకు సీజను. కోయ ఆడవాళ్లు చీకటితోనే లోపలికి పోతారు. మనవాళ్లు బైనాక్యులర్ల మూతలు తీసేవేళకు వాళ్లు ఆకు మూటలతో తిరుగుముఖం పడతారు, ఇంటి దగ్గర 50 ఆకులకొక కట్ట కట్టుకోవాలి కదా. ఏ మడుగులో ఇంకా తడి ఉందో అడిగితే చెబుతారు. మాస్టారి పాండిత్యానికి ఆకరం ఇదేనని ఈ వ్యాఖ్యాత అనుమానం.

ఇక ‘నీళ్లు ముఖ్యం’. తాగే సీసాలని కొందరంటారు. అది పైపై అర్థం. విశ్వనాథ పాటలు కట్టిన కిన్నెరసాని ఈ అడవిదే. దానిలో కలిసే చిన్న వాగులు మే నాటికి మడుగులు మడుగులుగా తెగిపోతాయి. వేసవిలో దేన్ని చూడాలన్నా ఆ మడుగుల దగ్గరే కాపేయాలి. తడి ఇసుక మీద గుంపులుగా వాలే సీతాకోకచిలుకల్లో దాదాపు అన్నీ మగవే. తడితోపాటు ఉప్పు పీల్చుకొని, జతకట్టినప్పుడు ఆడదానికి అందిస్తాయి. కన్యాశుల్కం ఆ జాతిలో ఇంకా నడుస్తోందన్నమాట. చెమట పట్టిన మన చేతి మీద వాలేదీ ఆ ఉప్పుకోసమే. అభిమానమని పొంగిపోరాదు.

‘పదికల్లా’ అన్నదానికి ప్రమాణం తూనీగ. ఎండ ముదిరేసరికి కొన్ని తూనీగలు పుల్ల కొసన వాలి, తోకను నిటారుగా సూర్యుడి వైపు ఎక్కుపెడతాయి. అలా చేస్తే ఒంటిమీద పడే ఎండ తగ్గుతుంది. కొత్తగూడెం వైపు మే నెలలో 45 డిగ్రీలు వింత కాదు. మనకా తోక లేదు గనుక ఇంటికి పొమ్మన్నాడు.

‘ఏమీ కనబడకపోతే’ అన్నది వట్టి వినయం. పాలపిట్ట కరెంటు తీగ మీదే ఉంటుంది. దసరానాడు ఊరంతా ఊరి బయటికి పోయి వెతికేది దీన్నే. ఇప్పుడేమో జతకట్టే కాలం. మగపిట్ట పైకెగిరి, గొంతు చించుకుంటూ, నీలిరెక్కలు విప్పి పల్టీలు కొడుతూ దిగుతుంది. పండగ కాదు గనుక తలెత్తేవాడు లేడు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో చివర ‘టిఫిన్ నేను పెట్టిస్తా’ అని ఉంది. అది ప్రక్షిప్తమని మాస్టారి వాదం. మూడు ఫోన్లలో స్క్రీన్‌షాట్లున్నాయి.