గిటారు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

చెక్క గొట్టి చూడు చెవియొగ్గి వినుమయ్య
రంగు జూచి కొనకు రత్నమనుచు
పొరల చెక్క మోత పొల్లుమాట సమము
ఒంటి మాను నందు నొజ్జ పలుకు

అవతారిక: పద్యం వ్యాఖ్యాత సొంతమే. తన పద్యానికి తానే టీక రాసుకోవడం శిష్టాచారం కాదు. అయితే కోలాచలం మల్లినాథసూరికి కాళిదాసు దొరికాడు. గిటారు బేరానికి వెళ్లేవాడికి ఇంతవరకు ఏ కవీ దొరకలేదు. కాబట్టి రెండు పనులూ ఒక్కడే చేసుకోవాల్సి వచ్చింది. వృత్తం కాదు, ఆటవెలది. యతులు నాలుగూ సరిపోయాయి. కావాలంటే లెక్కపెట్టుకోవచ్చు.

సందర్భం: మిరప వేసే పల్నాటి రైతు ఒకరి కొడుకు అమరావతిలో ఇంజనీరింగు చదువుతున్నాడు. నీరుకొండ వైపో, ఐనవోలు వైపో హాస్టల్లో ఉంటాడు. మొదటి సెమిస్టరు పూర్తి కాకముందే గిటారు కావాలన్నాడు. తండ్రీకొడుకులు గుంటూరు బ్రాడీపేటకు వెళ్లాలా, విజయవాడ బీసెంట్ రోడ్డుకు వెళ్లాలా అని తర్జనభర్జన పడుతుండగా, ఎరిగున్న పెద్దాయన ఒకరు చెప్పిన మాట ఇది. "వినుమయ్య" అన్న సంబోధన తండ్రికి. డబ్బు ఆయన జేబులో ఉంది గనుక కొడుకును పిలిచి ప్రయోజనం లేదు.

ప్రతిపదార్థం: చెక్కన్ = గిటారు పైపలకను; కొట్టి = వేలి కణుపుతో మెల్లగా తట్టి (షాపువాడు అభ్యంతరం చెప్పనంత వరకు); చూడు = పరీక్షించుము; చెవి ఒగ్గి = చెవిని దగ్గరగా పెట్టి; వినుము అయ్య = ఆలకించవయ్యా; రంగున్ = నలుపు, నీలము, అంచుల్లో ముదిరి మధ్యలో పండిన పసుపు మొదలగు వర్ణములను; చూచి = కనుగొని; రత్నము అనుచు = ఇదే శ్రేష్ఠమని భ్రమపడి; కొనకు = డబ్బు కట్టకుము; పొరల చెక్క మోత = పలుచని పొరలను జిగురుతో అంటించిన చెక్క, అనగా ప్లైవుడ్డు చేయు చప్పుడు (నాదమని కవి అనలేదు, గమనించునది); పొల్లుమాట సమము = గింజ లేని మాటతో సమానము; ఒంటి మానునందున్ = వివాదాస్పదం, కింద చూడుడు; ఒజ్జ = గురువు; పలుకు = మాట్లాడును.

తాత్పర్యం: గిటారు కొనేటప్పుడు పెయింటు చూసి మోసపోవద్దు, పైపలక అసలు చెక్కా కాదా తేల్చుకో, పొరల చెక్కకు సారం లేదు, అసలు చెక్కలోనే సంగీతం ఉంది అని భావం. ఈ భావంలో సగమే నిజం. ఏ సగమో చెప్పడానికే ఈ వ్యాఖ్య.

మొదటి పాదం. "కొట్టి చూడు" అన్నదాన్ని కలిపి ఒకే క్రియగా తీసుకోవడం పామరుల అన్వయం. కొట్టగానే చెక్క గుట్టు విప్పడానికి వినేవాడు గిటార్లు చేసే పనివాడై ఉండాలి. తొలిసారి షాపు మెట్లెక్కినవాడు ఏ గిటారును తట్టినా డొల్ల శబ్దమే వింటాడు. కాబట్టి కొట్టు, చూడు అని రెండుగా విడదీయాలి. కొట్టడం లాంఛనం, చూడడం అసలు పని. ఎక్కడ చూడాలి? పైపలక నడుమ ఉన్న గుండ్రటి రంధ్రం అంచున చూడాలి. పలక మందం దాదాపు 3 మిల్లీమీటర్లు. పైన కనిపించే నారగీతలు అంచు మీదుగా తిరిగి, లోపలికి అలాగే దిగితే అది అసలు చెక్క. అంచులో అడ్డంగా రెండు మూడు పొరలు కనిపిస్తే ప్లైవుడ్డు. అంచుకు నల్ల రంగు పూసి ఉంటే సెల్‌ఫోను లైటు వేసి లోపలివైపు చూసుకోవాలి. వెనక పలకకూ ఇదే సూత్రం: బయటి గీతలూ లోపలి గీతలూ ఒకదానికొకటి సరిపోవాలి. బయట ఒక చెట్టు, లోపల ఇంకో చెట్టు కనిపిస్తే మధ్యలో జిగురు ఉంది.

లోపల అతికించిన చీటీ కూడా మూలగ్రంథమే. అందులో "సాలిడ్ స్ప్రూస్ టాప్" అని ఉంటే పైపలక అసలు చెక్క. వట్టి "స్ప్రూస్ టాప్" అంటే సాధారణంగా పై పొర మాత్రమే స్ప్రూసు చెక్క. కంపెనీలు అబద్ధం రాయవు, ఒక్క మాట తగ్గించి రాస్తాయి. మీమాంసకులు ఇటువంటి చోట్ల చాలా శ్రద్ధ చూపేవారు. ఉదాహరణకు యమహా వారి ఎఫ్‌జీ 800లో పైపలక సాలిడ్, పక్కలూ వెనకా పొరల చెక్క. అదే కంపెనీ ఎఫ్ 310లో పైపలక కూడా పొరలదే. దూరం నుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి.

రెండో పాదం. దీనికి వ్యాఖ్య అక్కరలేదు. గుంటూరు మిర్చి యార్డులో ఒక్క ఉదయం నిలబడినవాడికి చాలు. బ్యాడిగి కాయ ముడతలు పడి చూడ్డానికి ఎర్రగా నిగనిగలాడుతుంది, కారం తక్కువ. తేజ సన్నగా ఉంటుంది, నాలుక మీద పెడితే తెలుస్తుంది దాని సంగతి. రైతుకు ఇది చెప్పనవసరం లేదు గాని, అదే రైతు సంగీత పరికరాల షాపులో నీలం రంగు గిటారు ముందు నిలబడిపోతాడు. వ్యాఖ్యాత చెప్పదలచిందల్లా, మెరుగు మందంగా పూసిన పలక కదలడానికి బద్ధకిస్తుంది. పెయింటు బరువు కూడా బరువే.

మూడో పాదం. ఇక్కడ కవి తొందరపడ్డాడు.

ఆక్షేపం: పొరల చెక్క మోత పొల్లుమాట అయితే, లోకంలో నేర్చుకుంటున్నవాళ్లలో ఎక్కువమంది పొల్లు మీదే ఎలా నేర్చుకుంటున్నారు? సమాధానం: పొరలను ఒకదానికొకటి అడ్డంగా అంటించడం వల్ల ఆ చెక్క పగలదు, వంగదు, తేమకు అంతగా ఉబ్బదు. అసలు చెక్కకు ఆ ఓర్పు లేదు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటారు సుఖంగా ఉంటుందని తయారీదార్లు చెబుతారు. మన కృష్ణాతీరంలో శ్రావణ భాద్రపదాల్లో ఆ అంకె ఎక్కడికో పోతుంది. పైపలక తేమ పీల్చి పొంగుతుంది, తీగలు మెడ మీంచి పైకి లేస్తాయి. రెంటచింతల వైపు మే నెల వడగాలికి అదే పలక ఎండి కుంచించుకుపోయి, నార వెంబడి చీలవచ్చు. హాస్టల్లో ఏసీ గది ఉంటే ఏడాది పొడుగునా మే నెలే. ఇక ఎండలో నిలిపిన కారు డిక్కీలో గిటారు వదిలేస్తే జిగురు మెత్తబడి, తీగలు కట్టిన బ్రిడ్జి లేచివస్తుంది. తీగలన్నీ కలిసి దాన్ని 70 కిలోల పైచిలుకు బలంతో లాగుతుంటాయి మరి.

అంచేత పొరల చెక్కను పొల్లనడం అతిశయోక్తి అలంకారం. పైపలకకు మాత్రం అది నిజం. తీగ కదలిక బ్రిడ్జి ద్వారా నేరుగా పైపలకకు చేరుతుంది. గాలిని కొట్టి శబ్దం పుట్టించేది ప్రధానంగా అదే. జిగురు పొరలు ఆ కదలికను మింగేస్తాయి. పక్కలూ వెనకా చేసేది ఎక్కువగా పెట్టె పని.

దీనికి ప్రమాణం ఉంది. స్పెయిన్‌లో ఆంటోనియో దె టోరెస్ అనే గిటారు శిల్పి 1862లో ఒక గిటారు చేశాడు. పైపలక మంచి స్ప్రూసు. వెనకా పక్కలూ కాగితపు గుజ్జు అట్ట. శబ్దం పైపలకదేనని రుజువు చేయడానికే చేశాడు. ఆ గిటారు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. శాస్త్రార్థం చేసి వదిలేసే మన పద్ధతి కన్నా ఇది మెరుగు. చాలదంటే ఇంకొకటి. 2018లో ఇంగ్లండ్ పరిశోధకులు వెనకా పక్కల చెక్క మాత్రమే మార్చి, మిగతాదంతా ఒకేలా ఆరు గిటార్లు చేయించి, 52 మంది వాద్యకారులకు ఏది ఏదో తెలియనివ్వకుండా ఇచ్చారు. ఖరీదైన రోజ్‌వుడ్డుకూ చవక చెక్కకూ వాళ్లు ఇచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

రోజ్‌వుడ్డు అంటే కంగారుపడేవారికి ఒక మాట. అమెరికా కంపెనీలు గొప్పగా చెప్పుకునే "ఇండియన్ రోజ్‌వుడ్" మన అడవుల్లోని ఇరుగుడు చెట్టే. ఆ జాతి కలప అంతర్జాతీయ వ్యాపారం మీద 2017 జనవరిలో సైటిస్ ఒప్పందం కింద అదుపు వచ్చింది. తయారైన వాద్యాలకు 2019 చివర్లో మినహాయింపు ఇచ్చారు. మన చెట్టు సముద్రాలు దాటి, గిటారు వీపై, పదింతల ధరకు మన దగ్గరికే రావడాన్ని అలంకారశాస్త్రం ఏమంటుందో గాని, కొనేవాడు దానికి డబ్బు పోయనక్కర లేదు.

నాలుగో పాదం. "ఒంటి మాను" అంటే ఒకే దుంగ అని కొందరు. ఆ అర్థం గిటారుకు పొసగదు. సాలిడ్ పైపలక కూడా ఒకే ముక్క కాదు. ఒక దుంగలోంచి పక్కపక్కగా కోసిన రెండు పలకలను పుస్తకంలా విప్పి, మధ్యలో అంటిస్తారు. గీతలు ఎడమా కుడీ అద్దంలో చూసినట్టు కనిపించేది అందుకే. ఇక పక్కలను వేడి మీద వంచి, లోపల బద్దలు అంటిస్తారు. మొత్తం మీద జిగురు లేని గిటారు లేదు. ఒంటి మాను మాట అక్షరాలా నిజం కావాలంటే బొబ్బిలి వెళ్లాలి. అక్కడి గొల్లపల్లిలో పనసదుంగను తొలిచి, కుండా దండీ ఒకే కర్రలో వచ్చేలా వీణ చేస్తారు. నూజివీడులోనూ పనసతో వీణలు చేసేవారున్నారు. గుంటూరు వాళ్లకు అది దగ్గర. సాలిడ్ వుడ్డు కోసం అలాస్కా స్ప్రూసు దాకా వెళ్లేముందు నూజివీడు బస్సెక్కి పనస వీణ పని చూసి రావడం చెవికి మంచిది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి నాదస్వరానికి పేరు తెచ్చిన షేక్ చిన మౌలానా వాద్యం దగ్గర మాను ఒకటైతే చాలదు, ఆరి కూడా ఉండాలి: నాదస్వరానికి పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చిన, ఏళ్ల తరబడి ఆరిన ఆచ్చా కలపను వెతికి తెచ్చుకుంటారు పనివాళ్లు. ఆరిన చెక్కకు ఇంకా కుంచించుకుపోయే పని ఉండదు.

మరో పక్షం వారు "ఒంటి మాను" అంటే ముందూ వెనకా పక్కలూ అంతా అసలు చెక్క, అంటే "ఆల్ సాలిడ్" అని వ్యాఖ్యానిస్తారు. వీరిలో ఎక్కువమంది షాపు సంప్రదాయం వారు. అంత నిక్కమైన ఆల్ సాలిడే కావాలంటే క్రీ.శ. 2వ శతాబ్దపు అమరావతి శిల్పాలు ఉన్నాయి. విల్లులా వంగిన వీణలు పట్టుకున్న స్త్రీలు, వీణతో సహా నికరమైన సున్నపురాయి. వాటిలో మంచివి చూడాలన్నా చెన్నై మ్యూజియానికో, లండన్‌కో వెళ్లాలి. తేమకు ఉబ్బవు, శ్రుతి తప్పవు. మోగవు కూడా.

వ్యాఖ్యాత పక్షం: ఒంటి మాను అంటే పైపలక ఒక్కటే. పదివేల లోపు దొరికేవాటిలో చాలావరకు పైపలక కూడా పొరలదే. ఇరవై వేల అటూ ఇటూ పేరున్న కంపెనీల సాలిడ్ టాప్ వస్తుంది. అక్కడ ఆగాలి. అంతా అసలు చెక్క కావాలంటే ధర రెండింతలు దాటుతుంది. ఆ అదనపు సొమ్ములో ఎక్కువ భాగం వినపడని చోటికి పోతుంది, పైగా తేమను కనిపెట్టుకుని ఉండాల్సిన చెక్క పెరుగుతుంది. కాలేజీ అయిపోగానే అమ్ముకునే సీనియర్ల దగ్గర సాలిడ్ టాప్ సగం ధరకు దొరకవచ్చు. అయితే బ్రిడ్జి వెనక పైపలక పొట్ట ఉబ్బిందేమో, నార వెంబడి చీలిక ఉందేమో చూసుకోవాలి. ఆ గిటారు హాస్టల్లో ఎన్ని వేసవులు గడిపిందో అమ్మేవాడు చెప్పడు.

అనుక్తం. పద్యంలో పెద్ద లోపం ఒకటుంది. చెక్క గురించి నాలుగు పాదాలు ఖర్చుపెట్టిన కవి, వేళ్ల గురించి ఒక్క గణం కూడా వాడలేదు. కుర్రాళ్లు రెండో నెలలో గిటారును బీరువా మీద పెట్టేయడానికి చాలాసార్లు కారణం ప్లైవుడ్డు కాదు, మెడ మీద తీగలు మరీ ఎత్తుగా ఉండడం. పన్నెండో మెట్టు దగ్గర లావు తీగ కింద ఖాళీ 2.5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే వేళ్లు బతుకుతాయి; 4 ఉంటే చెక్క ఎంత గొప్పదైనా వేలి చివర్లు కాయలు కాస్తాయి. మెడను కంటి దగ్గర పెట్టి బాణం చూసినట్టు చూస్తే వంపు తెలుస్తుంది. పన్నెండో మెట్టు మీద తీగను తేలిగ్గా తాకితే వచ్చే స్వరమూ, అదే మెట్టు మీద నొక్కితే వచ్చే స్వరమూ ఒకటే కావాలి. కాకపోతే పైన వాయించే పాటలన్నీ తప్పు శ్రుతిలోనే వస్తాయి. ఇవన్నీ చూసి సరిచేసి ఇవ్వమని షాపులో అడగాలి. దాన్ని సెటప్ అంటారు. కొడుకు వాయించలేకపోతే షాపులో వాయించగల కుర్రాణ్ణి పిలిచి, ప్రతి తీగా ప్రతి మెట్టు మీదా మోగించమనాలి, అప్పుడే కరకరలు బయటపడతాయి. తండ్రి ఆ పదిహేను నిమిషాలు స్టూలు మీద కూర్చోవాలి, తొందర చేయకూడదు.

సెటప్ చేసిస్తామన్న షాపూ, ఉచితంగా కవరూ పిక్కులూ ఇస్తామన్న షాపూ పోటీకి వస్తే మొదటిదానిలోనే కొనాలి. కవరు విడిగా దొరుకుతుంది. స్ట్రాపు ఏ రంగుది, కేపో ఏ కంపెనీది అన్న విషయాల్లో మూలానికి అభిప్రాయం లేదు; టీకకూ లేదు.