ధరల సవరణ సూత్రం: టీకాతాత్పర్య సహితం

మూలం: “అంతర్జాతీయ విపణి ననుసరించి పెట్రోలు ధర ప్రతిదినము సవరింపబడును.”

అన్వయం సులభం గనుక వదిలివేయడమైనది. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథసూరి, ఆధారం లేనిదీ అవసరం లేనిదీ రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ వ్యాఖ్యానాలు రాశాడు. ధరల ప్రకటనలు రాసేవారికి ఆ ప్రతిజ్ఞ లేదు.

ప్రతిదినము: 2017 జూన్ 16 మొదలు రోజూ ఉదయం 6 గంటలకు అని ప్రాచీనులు. ఈ దినాన్ని సూర్యుణ్ణి బట్టి కాక పోలింగును బట్టి లెక్కించాలని నవీనులు. 2021 నవంబరు 4న మొదలైన దినం 2022 మార్చి 21 దాకా సాగింది. అయిదు రాష్ట్రాల ఎన్నికలు, ఉక్రెయిన్ యుద్ధం, ముడిచమురు వంద డాలర్లు దాటడం అన్నీ ఆ ఒక్క దినంలోనే జరిగిపోయాయి. ఫలితాలు వెలువడ్డ పన్నెండో నాడు తెల్లవారింది. రెండు వారాల్లో హైదరాబాదులో లీటరు 108.20 నుంచి 119.49 అయింది. కాకతాళీయమని ప్రభుత్వపక్షం. 2018లో కర్ణాటక ఎన్నికల ముందూ ధర ఇలాగే కదలకుండా కూర్చుంది గనుక, కాకిని పిలిచి విచారించడం ఉచితం.

అనుసరించి: పైకి పోయేటప్పుడు మాత్రమే అని గ్రహించాలి. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు సున్నా కిందికి దిగింది. మే నెలలో కేంద్రం లీటరుకు పది రూపాయల ఎక్సైజు పెంచి, ఆ చవక బంకు దాకా రాకుండా చూసింది.

సవరింపబడును: కర్మణి ప్రయోగం. కర్త ఎవరు? కేంద్రం కంపెనీలను చూపుతుంది, కంపెనీలు విపణిని, రాష్ట్రం కేంద్రాన్ని. ఆ రాష్ట్రమే, అంటే మన తెలంగాణే, 35.2 శాతం వ్యాట్ వేస్తుంది, అదీ ఎక్సైజును కలుపుకొని. 2024 మార్చి 15న 107.41కి దిగిన ధరలో అప్పటి ఎక్సైజు 19.90, దాని మీది వ్యాటే ఏడు రూపాయలు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే కుర్రాడు నారాయణగూడ బంకులో “వంద కొట్టన్నా” అంటే, 2021 జూన్ 14కు ముందు లీటరు పైచిలుకు పడేది. పన్ను మీద పన్ను ఏ అలంకారమో వాడి సిలబస్‌లో లేదు.

ప్రత్యామ్నాయం వెతకవచ్చు గదా అంటే, ఇక్కడ ఘట్టకుటీప్రభాత న్యాయం చెప్పాలి. సుంకం ఎగ్గొట్టదలచిన బండివాడు రాత్రంతా డొంకదారుల్లో తిరిగి, తెల్లారేసరికి సరిగ్గా సుంకపు పాక ముందు తేలాడట. కుటి అంటే పాకే. ఆనాటి రాజ్యం పాకతో సరిపెట్టుకుంది. బండిలో సరుకేమిటో శాస్త్రకారులు చెప్పలేదు. చెరకు కావచ్చు, నువ్వులు కావచ్చు. ఎడ్లు గడ్డితో నడిచాయి గనుక ఇంధనం మీద వ్యాట్ లేదన్నది మాత్రం నిశ్చయం. వాదంలో ఎదుటివాడి సిద్ధాంతాన్ని తప్పించుకోబోయి దాన్నే ఒప్పుకున్నవాణ్ణి తార్కికులు ఈ మాటతో పొడుస్తారు. మల్లినాథుడైతే ఈపాటికి ఆగేవాడు.

ఎలక్ట్రిక్ స్కూటరు కొన్నవాడూ సింగరేణి బొగ్గు దగ్గరే తేలతాడని పూర్వపక్షం. అది నిలవదు. స్కూటరుకు వంద కిలోమీటర్లకు మూడు నాలుగు యూనిట్లు చాలు. పెట్రోలు బండి రెండు లీటర్లు తాగుతుంది. రేపు బొగ్గు పోయి సౌరవిద్యుత్తు వస్తే స్కూటరు మార్చనక్కర్లేదు. 2026 చివరిదాకా రోడ్ ట్యాక్స్ లేదని రాష్ట్రం 2024 నవంబరులో ప్రకటించింది కూడా. చిక్కల్లా హాస్టలు మూడో అంతస్తులో ఉండటం, బండి సందులో ఉండటం, ప్లగ్గు ఓనరు మీటరుకు ఉండటం. కిటికీలోంచి వేలాడే ఎక్స్‌టెన్షన్ వైరుకు ఏ విధానపత్రమూ వ్యాఖ్య రాయలేదు. ఇథనాలు సంగతి వేరు: అది లీటరుకు మూడోవంతు తక్కువ శక్తినిస్తుంది, పెట్రోలులో అయిదో వంతు కలిపారు, ధర తగ్గించలేదు.

తాత్పర్యం: చిక్కడపల్లికీ నారాయణగూడకూ 2020 ఫిబ్రవరి 7న మెట్రో వచ్చింది, దాని దారిలో లేనివారికి పెట్రోలే గతి. పెట్రోలు మీద జీఎస్టీ ఏ తేదీ నుంచో మండలి సిఫారసు చేయాలని రాజ్యాంగం 279ఎ అధికరణం చెబుతోంది. జీఎస్టీ 2017 జులై 1న వచ్చింది. పెట్రోలుకు తేదీ చెప్పకుండానే వచ్చింది.