విరహం ఈ శుక్రవారం విడుదల

మా ఇండీ పాప్ కుర్రాడికి మళ్ళీ విరహం తగులుకుంది. కొత్త ఆల్బమ్ వస్తోందన్నమాట. నెల రోజులుగా ఇన్‌స్టాగ్రామ్‌లో కిటికీ పక్కన కూర్చుని వాన వంక చూస్తున్నాడు. హైదరాబాద్‌లో ఎండలు మాడ్చేస్తున్నాయి, చుక్క పడలేదు. అయినా అతని కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి. బయట ఎవరో స్నేహితుడు పైపు పట్టుకుని నిలబడి ఉంటాడు, పాపం.

మొత్తం ఎనిమిది పాటలు. ఎనిమిదింటిలోనూ ఆమె వెళ్ళిపోయింది. ఆమెకు జుట్టుంది, జుంకాలున్నాయి, తడిసిన పాదాలున్నాయి. నోరు మాత్రం లేదు. ఎందుకు వెళ్ళిందో అతను చెప్పడు గానీ, మూడో పాటకొచ్చేసరికి మనకే అర్థమైపోతుంది. పల్లవి తెలుగు, చరణం హిందీ, నిట్టూర్పు ఇంగ్లీషు. ఖరీదైన మైకు కొని, గదికి నురుగు పలకలు కొట్టించి, ఈగ వాలినా వినబడనంత శుభ్రంగా రికార్డు చేశాడు. ఆపైన ప్లగిన్‌తో పాత క్యాసెట్ బరబర కలిపాడు. అతను పుట్టేనాటికే క్యాసెట్లు అటకెక్కాయి.

ఈ ఎడబాటుకు టైమ్‌టేబుల్ కూడా ఉంది. స్పాటిఫై ఎడిటర్ల కంట పడాలంటే పాటను కనీసం ఏడు రోజుల ముందు పంపుకోవాలి, అది ఏ మూడ్‌దో ఫారంలో టిక్కు పెట్టాలి. శ్రోత ముప్పై సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్ కింద లెక్క. అందుకే ఆలాపన ఎగిరిపోయింది. పదో సెకనుకల్లా ప్రేమ, ఇరవైలోపు ఎడబాటు. ముప్పై దాటాక ఆమె తిరిగొచ్చినా అభ్యంతరం లేదు. పైగా 2024 నుంచి, ఏడాదిలో 1,000 స్ట్రీములైనా రాని పాటకు రికార్డింగ్ రాయల్టీ పైసా రాదు. 999 సార్లు వినబడిన నిట్టూర్పు ఉత్త గాలి.

"ప్రీ-సేవ్ చెయ్ అన్నా, ప్లీజ్ అన్నా, ఒక్క క్లిక్ అన్నా" అని అర్ధరాత్రి నాకు మెసేజ్ పెట్టాడు. అందులో ఉన్న ఆర్తి ఎనిమిది పాటల్లో ఎక్కడా లేదు. దానికే బాణీ కట్టి ఉంటే మనమూ ఏడ్చేవాళ్ళం. అతను నిజంగా తపించేది ఎవరి కోసమో అక్కడ బయటపడింది మరి.

డబ్బు మాటెత్తితే మాత్రం నొచ్చుకుంటాడు. "ఇది ప్యూర్ ఎమోషన్ అన్నా!" పదిహేడో శతాబ్దపు పదకర్త క్షేత్రయ్యకు ఈ మొహమాటం లేదు. ఆయన పదాల్లో మువ్వగోపాలుడు సాక్షాత్తూ దేవుడు. అయితేనేం, చేతిలో సొమ్ము లేకుండా గుమ్మం తొక్కితే నాయిక నిలబెట్టి కడిగేస్తుంది. రాత్రి ఎవరింట్లో ఉన్నావని గుచ్చి గుచ్చి అడుగుతుంది, అలుగుతుంది, తిడుతుంది, అంతలోనే రమ్మంటుంది. బేరం దాచుకోదు కనకే ఆమె కోరికను నమ్ముతాం. అభినయం తెలిసినవాళ్ళు ఆ పదాల్లో ఒక్క పల్లవి పట్టుకుని ఎంతసేపైనా నిలబడగలరు. స్కిప్ బటన్ భయం లేదు కదా!

మనవాడు మాత్రం ఆమె చేతికి మైకివ్వడు. తెలివైన పనే. ఆమె నోరు విప్పితే ఎనిమిది పాటల వ్యవహారం ఒక్క వాట్సాప్ వాయిస్ నోట్‌తో తేలిపోతుంది.

విడుదల కచేరీ ఈ శుక్రవారం రాత్రి, జూబ్లీహిల్స్‌లో ఓ పబ్బులో. పోస్టర్ బ్రహ్మాండంగా ఉంది: ఖాళీ కుర్చీ, ఆరిన సిగరెట్, వెనక మళ్ళీ అదే వాన. అడుగున చిన్నక్షరాల్లో పబ్బు వాళ్ళ నిబంధన: జంటలకే ప్రవేశం, ఒంటరి మగవాళ్ళను లోపలికి రానివ్వరు. గాయకుణ్ణి గేటు దగ్గర ఎలా దాటిస్తారో చూడాలి.