ఆటీను తొమ్మిది ఆత్మకథ

నేను ఆటీను తొమ్మిదిని. యాభైరెండు ముక్కల కట్టలో రాజును కాను, రెండునూ కాను. నా ఒంటి మీద తొమ్మిది ఎర్ర గుర్తులు, అయిదు నిటారుగా, నాలుగు తలకిందులుగా ఉంటాయి. నన్ను తిప్పి పట్టుకుంటే ఆ లెక్క తారుమారవుతుంది. రమ్మీలో పదీ జాకీల సరసన కూర్చుంటే సీక్వెన్సులో భాగాన్ని, ఒంటరిగా మిగిలితే తొమ్మిది పాయింట్ల బరువుని. పోకర్‌లో నా అవస్థ ఇంకా విచిత్రం. ఇద్దరే మిగిలిన ఆటలో ఒకడు చిప్సన్నీ ముందుకు తోసి ఆల్ ఇన్ అంటాడు. రెండోవాడు బోర్లా ఉన్న తన ముక్కల మూలను బొటనవేలితో కాస్త ఎత్తి నన్ను మళ్ళీ చూస్తాడు. ఇందాక చూసిన తొమ్మిదే ఇప్పుడూ ఉంటుంది. ఆ రెండో చూపు దండగ అంటాను నేను. కాల్ చేసి పందేనికి సరిపెట్టాలా, ముక్కలు పడెయ్యాలా అన్నదానికి జవాబు నాలో లేదు. అడుగుతున్న ధరలో ఉంది, ఎదుటివాడు పందేలతో అప్పటిదాకా చెప్పుకొచ్చిన కథలో ఉంది.

నాకు పేరు తెచ్చిన చేతినే సాక్ష్యంగా తీసుకుందాం. 2003లో లాస్ వేగాస్‌లోని బినియన్స్ హార్స్‌షూలో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ జరిగింది. 839 మందిలో చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు ఆన్‌లైన్ టోర్నీలో సీటు గెలుచుకుని వచ్చిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్, ఇంకొకరు పేరున్న ప్రొఫెషనల్ సామీ ఫర్హా. ఫర్హా చేతిలో ఇస్పేటు రాణి, నేను. బల్ల మీద ఇద్దరికీ ఉమ్మడిగా ఇస్పేటు తొమ్మిది, డైమండు రెండు, ఇస్పేటు ఆరు, ఆ తర్వాత ఇస్పేటు ఎనిమిది పడ్డాయి. అక్కడ ఫర్హా పందెం కాశాడు, మనీమేకర్ పెంచాడు, ఫర్హా దానికి సరిపెట్టాడు. అయిదో ముక్క ఆటీను మూడు. ఫర్హా చెక్ అన్నాడు, మనీమేకర్ ఆల్ ఇన్ అన్నాడు. ఫ్లష్ (ఒకే గుర్తున్న అయిదు ముక్కలు) తప్పిపోయినట్టుందే అని ఫర్హా పైకే అన్నాడు. ఆ ఊహ నిజం. అవతల ఉన్నవి ఇస్పేటు రాజు, ఆటీను ఏడు, కనీసం జత కూడా కాదు. అయినా తొమ్మిదుల జత ఉన్న ఫర్హా ముక్కలు వదిలేశాడు.

ముందు ధర సంగతి. పాట్‌లో, అంటే బల్ల మీద పోగైన పందేల్లో, వంద ఉందనుకుందాం, ఎదుటివాడు ఇంకో వంద తోశాడు. కాల్‌కి అయ్యేది వంద, గెలిస్తే చేతికొచ్చేది మూడు వందలు. అంటే మూడింట ఒక్కసారి నెగ్గినా నష్టం లేదు. అతను యాభయ్యే తోస్తే నాలుగింట ఒకసారి చాలు, రెండు వందలు తోస్తే అయిదింట రెండుసార్లు కావాలి. పందెం ఎంత పెంచినా నష్టం తప్పించే ఆ గీత సగానికి చేరదు. అందుకే ‘అతని దగ్గర ఉండే ఉంటుంది’ అన్న అనుమానం ఒక్కటే ముక్కలు పడెయ్యడానికి చాలదు. మన ఊహ తప్పే సార్లు ఎక్కువైనా కాల్ లాభమే కావచ్చు. పైగా పాట్ అంత పందేనికి సగం కంటే ఎక్కువసార్లు తప్పుకునేవాడి మీద ఎదుటివాడు ఏ చెత్త ముక్కలతో బ్లఫ్ చేసినా లాభపడతాడు. 1944లో వాన్ న్యూమన్, మోర్గెన్‌స్టెర్న్ తమ గేమ్ థియరీ గ్రంథంలో పోకర్‌కి ఒక విభాగమే ఇచ్చారు. బ్లఫ్ వాళ్ళకి మొండితనం కాదు, లెక్కలో భాగం.

ఇక కథ. ఫర్హాకి తెలిసినవి ఏడు ముక్కలు, తెలియనివి నలభై అయిదు. వాటిలోంచి రెండు ముక్కల చేతులు 990 రకాలు. ఫ్లష్ అయ్యేవి 36, పది-ఏడుతోనో ఏడు-అయిదుతోనో అయిదు-నాలుగుతోనో స్ట్రెయిట్ (వరుసగా అయిదు అంకెలు) అయ్యేవి ఇంకో 45. దాదాపు పన్నెండింట ఒకటేగా, కాల్ కొట్టేద్దాం అనుకుంటే పొరపాటే. ఆ 990 చేతులూ నాలుగో ముక్క మీద పందెం పెంచవు. ఆ జల్లెడలో నిలిచేవి ముఖ్యంగా రెండు తెగలు: అప్పటికే కుదిరిన పెద్ద చేతులు, ఇంకో ముక్క కోసం చూస్తున్నవి. ఆటీను మూడు ఏ తెగకీ పెద్దగా పనికిరాలేదు. ఇప్పుడు తేల్చాల్సింది ఆ రెండు తెగల నిష్పత్తి. ఇస్పేటు రాణి పక్కనే ఉండడం వల్ల 45 కావలసిన ఫ్లష్‌లు 36కి తగ్గాయి. అదే రాణి ఒక్క ఇస్పేటుతో ఆశపడి తప్పిపోయే చేతుల్లో కొన్నిటినీ మింగేసింది. అది రెండువైపులా పదునున్న కత్తి. మరి నా వంతు? అవతల ఉన్నది ఫ్లషో, ఉత్తి చెయ్యో అయితే నా చోట ఆసుల జత ఉన్నా ఫలితం అదే. ఫ్లష్ చేతిలో ఇద్దరం ఓడతాం, బ్లఫ్ మీద ఇద్దరం గెలుస్తాం. కనిపించిన ముక్కల్ని బట్టి కనిపించనివాటిని లెక్కగట్టే ఈ చూపు రమ్మీ ఆడేవాళ్ళకి కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్నప్పుడు, పడిన ముక్కల్ని గుర్తుంచుకోవడాన్నీ కారణంగా చూపింది.

ఓడితే ఆట నుంచే పోతాం కదా, అంత తెగింపు దేనికి అంటారు. తొమ్మిదిమంది బల్లైతే ఆ మాట నిజం, ఇతరులు ఊడిపోయే దాకా కూర్చోవడానికీ విలువుంటుంది. ఇద్దరే మిగిలాక ఊడిపోయే మూడోవాడు లేడు. ఆ ఏడాది రెండో బహుమతి 13 లక్షల డాలర్లు ఇద్దరికీ ఖాయమే, పోరంతా మొదటి బహుమతి 25 లక్షలతో ఉన్న తేడా కోసం. బాగా ఆడగలవాడు బొటాబొటీ లాభాన్ని వదిలి ఇంకో అవకాశం కోసం ఆగవచ్చు, ఒప్పుకుంటాను. ఆ వెసులుబాటు గీతకి దగ్గరగా ఉన్న చేతులకే. ముఖం చదివితే చాలదా అని ఇంకో ప్రశ్న. ఫర్హా ఊహ తప్పలేదు, అయినా పనికి రాలేదు. ‘బ్లఫ్‌లా ఉంది’ అన్నది నిర్ణయం కాదు. నూటికి ఎన్నిసార్లు బ్లఫ్ అన్న అంకె పడ్డాకే దాన్ని ధరతో పోల్చగలం. అలాగని ఆ రోజు ఆయన తప్పు చేశాడని నేను తీర్పు చెప్పను. కెమెరా చూపిన రాజునీ ఏడునీ చూసి మనం మాట్లాడుతున్నాం, ఆయనకి ఆ వసతి లేదు. తెరిచాక కనిపించిన ముక్కలు తెరవక ముందు చేసిన ఆలోచనకి సాక్ష్యం కావు.

కాబట్టి నన్ను పట్టుకునేవారికి నా మనవి ఒక్కటే. ధర ఎంతో లెక్కకట్టండి, ఎదుటివాడి కథ మొదటి పందెం నుంచి అతుకుతోందో లేదో చూడండి. ఆ రెండూ సరిచూసుకుని కాల్ చేసి ఓడినా, వదిలేసి మోసపోయినా సిగ్గుపడనక్కర్లేదు. మూల ఎత్తి నన్ను మాత్రం మళ్ళీ చూడకండి. నేను తొమ్మిదినే.