అప్పు చేయని పాపానికి

సున్నా అంటే నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్లు సర్కారు బళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. సున్నాలు వేశాను, సున్నాలు తెచ్చుకున్న పిల్లల తండ్రులకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను. కాని పోయిన నెల ఫ్రిజ్ వాయిదాల మీద కొందామని ఆధారూ, పానూ, పింఛను కాగితమూ, రెండు ఫోటోలూ, మా ఆవిడనూ వెంటబెట్టుకుని మొయినాబాద్ నుంచి చేవెళ్లకు పోతే, దుకాణంలో మా అబ్బాయి వయసు కుర్రాడు కంప్యూటర్ చూసి, "సార్, మీ సిబిల్ మైనస్ వన్" అన్నాడు. సున్నా కూడా కాదు. సున్నాకు ఒక మెట్టు కింద.

మీకూ ఈ పరాభవం జరిగే ఉంటుంది, బయటికి చెప్పుకోరు, అంతే. 2000 సంవత్సరంలో పుట్టిన సిబిల్ అనే చిత్రగుప్తుడు మన అప్పుల చిట్టా రాసి, 300 నుంచి 900 దాకా మార్కులు వేస్తాడు. అప్పు చేసి ఎగ్గొట్టి, ఫోను మార్చి, ఊరు మార్చినవాడికి కూడా 300కి తగ్గవు. ఎన్నడూ చేయి చాచనివాడికి మైనస్ ఒకటి. అంటే చరిత్ర లేనివాడని అర్థం. మొదటిసారి అప్పు అడిగేవాణ్ణి చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపకూడదని 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం సాక్షాత్తూ పార్లమెంటులో చెప్పింది. ఆ మాట గంభీరంగా కుర్రాడి చెవిన వేశాను. "అవునా సార్?" అని టీ తెప్పించాడు.

చక్కెర లేని టీ.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నా నేరాలు లెక్కపెట్టుకున్నాను. కరెంటు బిల్లు గడువుకు ముందే కట్టడం, చీటీ పాడకపోవడం, కిరాణా కొట్లో ఉద్దెర పెట్టకపోవడం, అబ్బాయిని అమెరికా చదువుకు పంపడానికి బ్యాంకు గడప తొక్కకుండా పది గుంటలు అమ్మడం. బయట దారికి అటూ ఇటూ ఆ పాత మర్రిచెట్లు ఊడలు దింపుకుని నిలబడి ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేస్తామంటే వాటి తరఫున హరిత ట్రిబ్యునల్ దాకా పోయినవాళ్లున్నారు. చరిత్ర ఉన్న ప్రాణులు, వాటికేం. నా తరఫున మా ఆవిడ ఒక్కతే ఉంది, ఆమె కూడా "మీరు పాన్ కార్డు సరిగ్గా ఇచ్చారా?" అంది.

అసలు ఈ జబ్బు మా ఇంట్లో మొదట పట్టింది అబ్బాయికి. వాడి వీసా కోసం చిలుకూరు బాలాజీ చుట్టూ మేము పదకొండు ప్రదక్షిణలు చేశాం, వచ్చాక వాడు నూట ఎనిమిది చేశాడు, గడుల కాగితం మీద ఒక్కో చుట్టుకూ ఒక్కో గీత కొట్టుకుంటూ. వాడు గీతలన్నీ సక్రమంగా పూర్తి చేసిన మొదటి కార్డు అదే. తీరా డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో దిగిన వారానికే ఫోను. "నాన్నా, ఇక్కడ నాకు చరిత్ర లేదు."

ఇంజనీరింగ్ చదివినవాడికి చరిత్ర ఎందుకురా అన్నాను.

అద్దె ఇంటికి చరిత్ర కావాలట, ఫోను కనెక్షన్‌కు చరిత్ర, కారుకు చరిత్ర. చరిత్ర రావాలంటే కార్డుండాలి, కార్డు రావాలంటే చరిత్ర ఉండాలి. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు. దీనికి వాళ్లు కనిపెట్టిన మందు వినండి. మన సొంత డబ్బు ఓ రెండు వందల డాలర్లు బ్యాంకులో కుదువ పెట్టాలి. బ్యాంకు రెండు వందల డాలర్ల కార్డిస్తుంది. మన డబ్బు మనమే అప్పు తెచ్చుకుని, నెలనెలా మనమే తీర్చి, మనం పెద్దమనుషులమని వాళ్లకు రుజువు చేయాలి. ఆ రెండు వందలూ వాడితే ఆబగాడని రాసుకుంటారు, అరవై దాటకపోతే మర్యాద. అసలు వాడకపోతే మన ఊసే ఉండదు. ఇంకో కార్డు అడిగితే, అడిగిన పాపానికి నాలుగు మార్కులు కోత. ఇట్లా ఆరు నెలలు తపస్సు చేస్తేగాని అక్కడ మార్కులు వేసే ఫైకో అనే దేవత కన్ను తెరవదు. సకాలంలో కట్టినందుకు ఆ దేవత ఇచ్చే ప్రాధాన్యం నూటికి 35. మా బళ్లో 35 వస్తే పాసు.

విచిత్రమేమిటంటే, అక్కడ పద్దులు రాసే మూడు సంస్థల్లో ఒకటి ట్రాన్స్‌యూనియన్. మన సిబిల్ పూర్తి పేరు ట్రాన్స్‌యూనియన్ సిబిల్. అయినా ఇక్కడి పద్దు అక్కడ చెల్లదు. ఇంటిపేరు ఒకటే, రాకపోకలు లేవు, పంపకాలప్పుడు పోట్లాడుకున్న అన్నదమ్ముల్లాగ.

చివరికి అక్కడే పదేళ్లుగా ఉంటున్న మా అక్క కొడుకు తన కార్డులో మావాడి పేరు కూడా చేర్పించాడు. దాంతో ఆ బావగారి పదేళ్ల సత్ప్రవర్తన వీడి ఖాతాలో వచ్చి పడింది. పుణ్యం ధారపోయడం గురించి పురాణాల్లో విన్నాను, ప్లాస్టిక్ ముక్క మీదుగా పోస్తారని తెలియదు. ఏడో నెలలో అర్ధరాత్రి ఫోను మోగింది. "నాన్నా, 690!" ఎంతకు అన్నాను. 850కి అన్నాడు. మిగతా 160 ఎక్కడ పోయాయిరా అన్నాను.

అలవాటు.

ఇక నా సంగతి. తిరుమల వెంకన్నకు చింత లేదు, కుబేరుడి దగ్గర చేసిన పెళ్లి అప్పుకు ఇంకా వడ్డీ కడుతున్నాడంటారు, అంత పొడుగు చరిత్ర మూడు లోకాల్లో ఎవరికుంది! మా చిలుకూరు స్వామి గుళ్లో హుండీయే లేదు. రాకడ లేదు, పోకడ లేదు. ఆయన పాన్ నంబరు కొట్టినా మైనస్ ఒకటే వస్తుందని నా అనుమానం. అప్పు చేసి పప్పు కూడు అని 1959లో సినిమా తీస్తే, అది మందలింపు అనుకుని పెరిగాం. సలహా అని ఇప్పుడు తెలిసింది.

2003 ఏప్రిల్ 9న వైఎస్ పాదయాత్ర మొదలుపెట్టింది చేవెళ్లలోనే. కలిసొచ్చే ఊరంటారు. నేనూ అక్కడే ఒక బ్యాంకులో ఇరవై వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద కార్డు తీసుకున్నాను. మా ఆవిడ పసుపూ కుంకుమా పెట్టింది. ఆ సాయంత్రమే మా వీధి సేటు కొట్టుకు వెళ్లి, కిలో కందిపప్పు తూయించి, కార్డు తీసి గల్లా మీద పెట్టాను. సేటు మిషన్ తీసి గీకాడు, తట్టాడు, కిటికీ దగ్గర ఎత్తి పట్టుకున్నాడు.

"నెట్ లేదు సార్. రాసుకుంట, రేపియ్యండి."

ఎర్రగుడ్డ అట్ట పుస్తకం తీశాడు. వేలు తడి చేసుకుని ఈ చివర నుంచి ఆ చివరి దాకా తిప్పాడు. "మీ పేరు మీద పేజీనే లేదు సార్." కొట్లో నలుగురున్నారు. నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, స్టూలు ఎక్కి అటక మీంచి వాళ్ల నాన్న కాలం నాటి పుస్తకం దింపి దుమ్ము దులిపాడు. "బాకీ చెల్లని పుస్తకాలు మేం పారెయ్యం సార్. మీ నాయిన పేజీ ఉన్నది, అండ్ల రాస్త." చూశాను. పైన మా నాన్న పేరు, అడుగున పదకొండు రూపాయల నలభై పైసలు బాకీ.

దాని కింద కొత్త పెన్నుతో, కందిపప్పు, కిలో.