పాతబస్తీ జిన్నులకు బస్సెందుకు?

2025 అక్టోబరు 6 నుంచి హైదరాబాద్ సిటీ బస్సు చార్జీలు పెరిగాయి. మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనం. ఎలక్ట్రిక్ బస్సులు తేవాలి, వాటికి డిపోలు, చార్జింగ్ ఏర్పాట్లు కావాలి, అందుకే పెంచామని ఆర్టీసీ చెప్పింది. ఊరంతా గోలపెట్టింది. ప్రతిపక్ష నాయకులు బస్సెక్కి మరీ బస్ భవన్‌కు పోయి వినతిపత్రం ఇచ్చొచ్చారు. ఇంత జరుగుతున్నా మా పాతబస్తీ మాత్రం చలించలేదు. ఎందుకు చలిస్తుంది? రాని బస్సుకు చార్జీ ఎంత పెంచితే ఎవరి జేబుకు చిల్లు? రాష్ట్రంలో ధరల పెరుగుదలను జయించిన ఏకైక ప్రాంతం మాదే.

బస్సు ఎందుకు రాదయ్యా అంటే ఏళ్ల తరబడి వినబడే జవాబు ఒకటే: ఆ రూట్లో ఆక్యుపెన్సీ లేదు. అంటే డిమాండ్ లేదు, ఎక్కే జనం లేరు. 2019లో ఆర్టీసీ కార్మికుల 52 రోజుల సమ్మె ముగిశాక నష్టాలు వస్తున్నాయని నగరంలో దాదాపు వెయ్యి బస్సులు తగ్గించారు. అప్పుడూ ఇదే మంత్రం. అధికారులు లెక్కలు తెలిసినవాళ్లు. వాళ్లు జనం లేరంటే లేరనే నమ్మాలి. మరి చాంద్రాయణగుట్ట చౌరస్తాలో, ఫలక్‌నుమా దగ్గర, అఫ్జల్‌గంజ్‌లో పొద్దున్నా సాయంత్రం రోడ్డు మీదికి పొంగి నిలబడే ఆ గుంపులెవరు? చాలా ఆలోచించాక తేలింది. వాళ్లు జిన్నులు.

నిదర్శనాలు కావాలంటే బోలెడు. డ్రైవరుతో కలిపి నలుగురు పట్టాల్సిన ఆటోలో ఎనిమిది మంది ఇమడటం ఎముకలున్న ప్రాణులకు సాధ్యమా? సెవెన్ సీటర్‌లో డజను మంది ఎక్కి, పదమూడో వాడు వెనక రాడ్డు పట్టుకుని గాల్లో వేలాడుతూ పహాడీషరీఫ్ దాకా పోవడం మనుషుల పనేనా? మే నెల ఎండలో నీడ లేని స్టాపులో గంటసేపు నిలబడ్డా ఆవిరైపోరు. జిన్ను పుట్టిందే నిప్పులోంచి కదా, ఎండ ఏం చేస్తుంది? బస్ షెల్టర్లు కట్టకపోవడం వెనక ఇంత శాస్త్రజ్ఞానం ఉందని మాకు ఆలస్యంగా అర్థమైంది.

జిన్ను లక్షణాల్లో ముఖ్యమైనది, కొందరికి కనిపించి కొందరికి కనిపించకపోవడం. ఆటోవాడికి ఫర్లాంగు దూరం నుంచే కనిపిస్తుంది. చలాన్లు రాసే పోలీసుకు కనిపిస్తుంది. ఎలక్షన్లొస్తే నాయకులకు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మెట్రోవాళ్లకు కూడా కనిపించింది. జేబీఎస్ నుంచి బయల్దేరిన రైలు 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి, మూసీ అవతల మా గాలి సోకకుండా ఆగిపోయింది. ఫలక్‌నుమా దాకా మిగిలిన ఐదున్నర కిలోమీటర్లను ఇంకో రెండు పెంచి చాంద్రాయణగుట్ట దాకా తెస్తామని 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు. ఇళ్లు, దుకాణాలు కొట్టి మరీ అంత ఖర్చు పెట్టాలంటే ఆ దారిలో ఎంతమంది ఎక్కుతారో ముందే లెక్క కట్టి ఉంటారుగా? అదే రోడ్డు, అవే మొహాలు. మెట్రో లెక్కలో ప్రయాణికులు, బస్సు లెక్కలో జిన్నులు.

మధ్యలో ఒక వివరణ. లాల్‌దర్వాజ, గౌలిపురా, ఉప్పుగూడ వైపు ఉండే మేం జిన్నుల కిందికి రాం. మేం దయ్యాలం. బస్సు రాకపోవడంలో మాత్రం రెండు వర్గాలకూ సమాన న్యాయం. మతసామరస్యం గురించి ఉపన్యాసాలు చెప్పేవాళ్లు ఒకసారి మా స్టాపుల్లో నిలబడి చూడాలి.

ఈ మధ్య ఫలక్‌నుమా కొండ మీదుండే ముసలి జిన్ను ఒకాయన మహజరు పట్టుకుని బస్ భవన్‌కు పోయాడట. నిజాం రైల్వే వాళ్లు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు కళ్లారా చూసిన మనిషి, క్షమించాలి, జిన్ను. బస్సు నంబరులో ఇప్పటికీ కనబడే ‘జెడ్’ నిజాం తల్లి పేరులోని అక్షరమంటారే, ఆ కథ కూడా ఆయనకు కంఠస్థం. అక్కడ జరిగిన సంభాషణ ఇది.

‘సలామ్ సాబ్. మా దిక్కు బస్సు గావాలె.’

‘మీ రూట్లో ఆక్యుపెన్సీ లేదండీ.’

‘బస్సే లేకపాయె. ఆక్యుపెన్సీ యాడికెల్లొస్తది సాబ్?’

‘ముందు మీరు ఎక్కి చూపిస్తే కదా మేం బస్సు వేసేది.’

‘దేంట్ల ఎక్కాలె?’

‘బస్సులో.’

పెద్దాయన చాలాసేపు గడ్డం నిమురుకున్నాడట. వందల ఏళ్లలో ఎన్ని మాయలు నేర్చినా ఇది తన వల్ల కాదని ఒప్పుకుని, ఆ మహజరును మడిచి జేబులో పెట్టుకుని, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో షేర్ ఆటో ఎక్కాడు.

నిజానికి ఆయన చూడాల్సింది మనిషిని జిన్నుగా మార్చే విద్య. దాన్ని మించిన మాయ అరేబియాలో కూడా లేదు. పావుగంటకొక బస్సు తిరిగే రూటు తీసుకోండి. సగం ట్రిప్పులు తగ్గించండి. మదీనా దగ్గర, షాలిబండ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని మిగిలిన సగమూ ఆలస్యమవుతాయి. డ్రైవరు, కండక్టరు డ్యూటీ టైము అక్కడే కరిగిపోతుంది. ఆఖరి ట్రిప్పు క్యాన్సిల్, లేదా అఫ్జల్‌గంజ్ నుంచే వెనక్కి. బస్సు ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో తెలియనివాడు ఎంతసేపు నిలబడతాడు? ముందొచ్చిన ఆటో ఎక్కి పోతాడు. గంటన్నర తర్వాత వచ్చిన బస్సుకు స్టాపులో ఎవరూ ఉండరు. టికెట్లు తెగలేదని కండక్టరు చేతిలో మిషను రాసుకుంటుంది. డిపోలో ఆ కాగితం చూసి ‘ఆక్యుపెన్సీ లేదు’ అని మళ్లీ రెండు ట్రిప్పులు కోస్తారు. మనిషి రోడ్డు మీదే ఉన్నాడు, లెక్కలోంచి మాయమయ్యాడు. టికెట్ కొన్నవాడినే లెక్కబెట్టే మిషనుకు, టికెట్ కొనే దారి లేనివాడు ఎలా కనబడతాడు?

డిమాండ్ మారలేదని నేననను. చాలా మారింది. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో అద్దెలు కట్టలేక, పెరిగిన కుటుంబాలకు గదులు చాలక జనం ఏనాడో షాహీన్‌నగర్, జల్‌పల్లి, బండ్లగూడ, వట్టేపల్లి వైపు జరిగిపోయారు. పని మాత్రం పత్తర్‌గట్టిలో, మదీనాలో, బేగంబజార్‌లో. పొద్దున పదీ పదకొండుకు తెరిచి, రాత్రి పదకొండుకు షట్టర్ దించే దుకాణాలు. ఆఫీసు బాబుల టైముకు తిరిగే బస్సు ఈ దుకాణాల గుమాస్తాకు రెండు పూటలా పనికిరాదు. వాడు షట్టర్ దించి రోడ్డెక్కేసరికి బస్సు డిపోలో గురకపెడుతుంటుంది. జిన్నులు రాత్రిపూటే సంచరిస్తాయని పెద్దలు ఊరికే అన్నారా!

2025 జులై 23న ఎంజీబీఎస్‌లో పండగ చేశారు. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ల ఉచిత ప్రయాణాలు 200 కోట్లు దాటాయట, వాటి విలువ 6,680 కోట్ల రూపాయలట. మంచి పథకం. జిన్నుల ఆడవాళ్లు కూడా ఆధార్ కార్డు పర్సులో పెట్టుకుని తయారుగా ఉన్నారు. జీరో టికెట్‌కు అన్నీ సిద్ధం. బస్సు కూడా జీరో కావడమే చిన్న ఇబ్బంది.

నవ్వుకున్నది చాలు. షాహీన్‌నగర్ నుంచి పేట్లబురుజు ప్రసూతి ఆసుపత్రికి నెలలు నిండిన మనిషి సెవెన్ సీటర్‌లో పోతుంది. గుంత వచ్చినప్పుడల్లా ఒక చేత్తో రాడ్డు, ఒక చేత్తో కడుపు పట్టుకుంటుంది. బస్సు నీకు ఉచితం అని 2023 డిసెంబరు 9న ప్రభుత్వం ఆమెకే మాటిచ్చింది. ఆ మాట చెల్లాలంటే ఆమె వీధి చివరికి బస్సు రావాలి, ఇంకేమీ అక్కర్లేదు. హుస్సేనీ ఆలం మహిళా డిగ్రీ కాలేజీలో చేరాలనుకున్న పిల్ల, రోజూ రానూపోనూ ఆటో డబ్బులు ఎక్కణ్నుంచి తేవాలని తండ్రి గొణిగితే, అడ్మిషన్ ఫారం చింపుకుని ఇంట్లో కూర్చుంటుంది. ఆ పిల్ల ఏ డిపో చార్టులో ఉంది? ఏ మిషను ఆమెను రాసుకుంది? బస్సు దొరికిన అదృష్టవంతుడి సంగతి ఇంకో రకం. శివారు నుంచి వస్తాడు గనక నాలుగు స్టేజీలు దాటతాడు. పోను పది, రాను పది అదనం. నెలకు 26 పనిదినాలకు 520 రూపాయలు, బట్టల కొట్లో గుమాస్తా జీతంలోంచి. ఎలక్ట్రిక్ బస్సుల కోసం వీడు చార్జీలు పెరిగిన రోజు నుంచే కడుతున్నాడు. వాటిలో వాడి రూటుకు వచ్చేవెన్ని? ఆ మాట చెప్పకుండా డబ్బు తీసుకోవడానికి సిగ్గుండాలి. జనాన్ని స్టాపుల్లో నిలబెట్టి, విసిగించి, ఆటోల్లోకి తరిమి, ఆ తర్వాత వీళ్లు మాకు అక్కర్లేదు, వీళ్లకు మేం అక్కర్లేదు అని కాగితం రాసుకోవడం నిర్వహణ కాదు, దొంగలెక్క.

అడిగేది పెద్ద కోరికేం కాదు. చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, బహదూర్‌పురా చౌరస్తాల్లో పొద్దున ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా మనుషుల్ని పెట్టి, ఆటోలెక్కేవాళ్లను లెక్కబెట్టండి. ఆ రూట్లలో పది నిమిషాలకొక బస్సు చొప్పున ఆరు నెలలు నడపండి, రాత్రి పదకొండున్నరకు ఒకటి ఉండేట్టు చూడండి. అప్పటికీ సీట్లు ఖాళీగా ఉంటే అన్నీ పీకేయండి, నోరెత్తం. ఆ పని చేయనంతకాలం పాతబస్తీలో డిమాండ్ లేదన్న మాట పచ్చి అబద్ధం.